యుద్ధవైమానికుల పలుకుబడి – మన జిల్లాల పిల్లలు

2025 సెప్టెంబరు 26వ తేదీన చండీగఢ్ నగరమున మిగ్-21 యుద్ధవిమానములు భారత వాయుసేన కొలువునుండి విరమించినవి. 1963లో ప్రవేశించిన ఆ విమానము అరువదిరెండేండ్లు దేశమునకు కాపు గాచినది. ఆ దినమున పత్రికలన్నియు యంత్రముయొక్క పరాక్రమమును వేనోళ్ల కొనియాడినవి. అది తగియేయున్నది. అయితే ఆ యంత్రములో గూర్చున్న మనుష్యుడెట్లు తయారగును, ఏ మాటలాడును, ఏ యూరినుండి వచ్చును అను ప్రశ్నలను అడిగినవారు తక్కువ. ఆ ప్రశ్నలు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారికి మిక్కిలి సన్నిహితములని మా యభిప్రాయము. ఎట్లనగా వినుడు.

2012లో నాటి రక్షణమంత్రి ఏ.కె. ఆంటొనీగారు పార్లమెంటునకు తెలిపిన లెక్కప్రకారము, 1971 మొదలుకొని నాటివరకు 872 మిగ్ విమానములలో 482 ప్రమాదములందు నష్టమైనవి. 171 మంది పైలట్లు ప్రాణములు కోల్పోయిరి. సగమునకు మించిన విమానములు శత్రువు చేతిలో గాక, మన యాకాశముననే కూలినవి! యంత్రములోని లోపములు కొన్ని కారణములు. మరియొక కారణము శిక్షణలోని అగాధము. నెమ్మదిగా నెగురు కిరణ్ విమానముపై నేర్చిన యువకుని తిన్నగా తీసికొనిపోయి, గంటకు మూడువందల కిలోమీటర్ల వేగముతో నేలకు దిగు మిగ్-21లో గూర్చుండబెట్టుచు వచ్చిరి. ఎడ్లబండి తోలుట నేర్చినవానికి ఎక్స్‌ప్రెస్ రైలు అప్పగించినట్లే. ఈ రెంటికిని నడుమ ఒక ఉన్నతశిక్షణ జెట్ విమానము కావలయునని లాఫాంటేన్ సంఘము 1982లోనే సిఫారసు చేసెను. బ్రిటనునుండి హాక్ విమానములను కొనుటకు ఒప్పందము కుదిరినది 2004లో. అవి బీదరు స్థావరమున సేవలో జేరినది 2008లో. ఒక సిఫారసు కాగితమునుండి నేలమీదికి దిగుటకు ఇరువదియారేండ్లు! ఆ కాలములో పోయిన ప్రాణములకు ఎవ్వరు జవాబుదారులో ఏ నివేదికయు జెప్పదు.

హాక్ విమానములు చేరిన బీదరు ఎక్కడ నున్నది? పూర్వపు హైదరాబాదు సంస్థానములో. నేడు కర్ణాటకమున జేరినదిగాని, మన పెద్దలకు అది పరాయి యూరు గాదు. యుద్ధవైమానికుడు మొట్టమొదట రెక్కలు విదల్చు దుండిగల్ వాయుసేన అకాడమీ హైదరాబాదునకు ఆనుకొనియే యున్నది. 1967లో నాటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు దానికి శంకుస్థాపన గావించిరి. కిరణ్ జెట్ విమానములపై శిక్షణకు చిరకాలము నెలవైన హకీంపేటయు హైదరాబాదు చెంతనే కలదు. దేశముననున్న యుద్ధవైమానికుడు పంజాబువాడైనను, కేరళీయుడైనను, బీహారీయైనను దాదాపు ఈ మూడు తావులగుండ పోవలసినదే. అనగా భారతదేశపు యుద్ధవైమానికుని వండి వార్చు వంటశాల మన దక్కనులోనున్నది. సిరిసిల్లనుండియు జగిత్యాలనుండియు ఉదయము బస్సెక్కినవాడు మధ్యాహ్నమునకే దుండిగల్ గేటుముందు దిగవచ్చును. ఆ గేటు దాటుటయే ప్రశ్న.

ఈ సంబంధము క్రొత్తదికాదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున నిజాముగారి విరాళముతో ఆంగ్లేయుల 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ విమానములు సమకూడెను. దానికి హైదరాబాదు స్క్వాడ్రన్ అను పేరు వచ్చెను. రెండవ యుద్ధమున 152, 253 సంఖ్యలుగల రెండు ఫైటర్ స్క్వాడ్రన్లు హైదరాబాదు పేరును మోసినవి. 1940లో బ్రిటను ఆకాశమున జర్మనులతో జరిగిన పోరాటములో 152వ దళము స్పిట్‌ఫైర్లతోను, 253వ దళము హరికేన్లతోను పాల్గొన్నవి. 152వ దళపు చిహ్నముపై నిజాముగారి తలపాగా యుండెను. దాని క్రింద ‘నమ్మకమైన మిత్రుడు’ అను అర్థముగల నినాదము. సంస్థానపు ఖజానా నిండినది ఎవరి కష్టముచేతనో కరీంనగరు జిల్లా రైతులకు మేము చెప్పనక్కరలేదు. తలపాగా మనది, సొమ్ము మనది; నడపినవారు ప్రధానముగా ఆంగ్లేయులును, వారి సామ్రాజ్యమునందలి శ్వేతజాతీయులును. నేడు స్వతంత్రదేశములో విమానము మనది, నేల మనది. నడుపువారిలో మన తాలూకాలవారు ఎందరని అడుగుట తప్పుగాదు గదా.

ఈ ప్రశ్నకు కొందరు చెప్పు జవాబొకటి కలదు: ‘ఆ లోకము వేఱు, ఆ భాష వేఱు, మన పల్లెటూరి పిల్లలకు అది అబ్బదు’ అని. ఈ జవాబును మేము కొంచెము పరిశీలింపగోరుచున్నాము. ఏలనగా యుద్ధవైమానికుల భాష నిజముగానే వింతయైనది. అయినను అది వింతయగుటకు గల కారణములు మన పల్లెకు ఏమాత్రము వింతలు గావు.

ఆ భాషలో రెండు పొరలున్నవి. మొదటిది రేడియోలోని భాష. ఒకే తరంగముపై పది విమానములవారు మాటలాడవలసియున్నప్పుడు, ప్రతి మాటయు పొట్టిగాను, మరియొక మాటగా పొరబడకుండునట్లుగాను ఉండవలయును. కనుక ‘విన్నాను’ అనుటకు రోజర్. ‘విన్నాను, చేయుచున్నాను’ అనుటకు విల్కో. రోజర్ అనగా పూర్వపు అక్షరమాలలో ఆర్ అను అక్షరమునకు వాడిన పేరు మాత్రమే. అందినది అను ఆంగ్లపదమునకు అది మొదటి యక్షరము. ప్రాణాపాయమున ముమ్మారు పలుకు మేడే అనునది ‘నాకు సాయపడుడు’ అను ఫ్రెంచి మాటకు అపభ్రంశము. ఎవరిదో తెలియని విమానము బోగీ. శత్రువని రూఢియైనది బాండిట్. మనకు బోగీ యనగా రైలుపెట్టె. ఆ యువకునికి దాని యర్థము ‘మేలుకో’ అని! ఎత్తును వేల అడుగులలో జెప్పునప్పుడు ఏంజెల్స్ అందురు. ఏంజెల్స్ ఇరువది యనిన ఇరువదివేల అడుగులు. ఇంధనము తిరిగి యిల్లు జేరుటకు మాత్రమే మిగిలినచో బింగో. శత్రువు కంటబడినచో టాలీహో. ఇది నక్కలను వేటాడు ఆంగ్ల జమీందారుల కేక. చూచితిరా, ఇందు మంత్రశాస్త్ర మేమియు లేదు. వేటగాండ్ర కేకలు, చెడిన ఫ్రెంచి, అక్షరముల పేర్లు, అంతే.

రెండవ పొర భోజనశాలలోని భాష. ఇది మొదటిదానికంటె లోతైనది. రెండవ ప్రపంచయుద్ధకాలపు ఆంగ్లవైమానికులు విమానమును కైట్, అనగా గాలిపటము, అనిరి. విమానము కూలుట ప్రాంగ్. చిన్న దెబ్బకును, ప్రాణము తీసిన దానికిని అదే మాట. తోటివాడు చనిపోయినచో ‘బర్టన్‌కు వెళ్లినాడు’ అనిరి. బర్టన్ అనగా బీరని కొందరందురు. నిన్న ప్రక్కకుర్చీలో భోజనముచేసినవాడు నేడు లేడు. రేపు తానే విమానమెక్కవలయును. చావను మాట నోట పలికినచో చేయి వణకును. కాబట్టి మాటను మార్చుకొనిరి.

ఇది మనకు తెలియనిదా? చీకటిపడిన తరువాత పొలమున పాము కరచినచో మన రైతు ‘పురుగు ముట్టినది’ అనును. దీపమారినచో ఇల్లాలు ‘కొండెక్కినది’ అనును. మశూచి కాలములో ‘అమ్మవారు పోసినది’ అనిరిగాని రోగము పేరు పలుకలేదు. మృత్యువుతో నిత్యము పొరుగున వసించువా రెవ్వరైనను దానికి ముద్దుపేరు పెట్టుకొందురు. పైలట్ల పరిహాసమును విని పొగరని తలచువారు, వడగండ్లు పడు రాత్రి ధాన్యపురాశివద్ద కావలియుండు రైతుల పరిహాసమును వినినవారు కారు.

మరియొక ముచ్చట. ఆంగ్లసైనికుల వాడుకమాటలు కొన్ని మన బజారులనుండియే వెళ్లినవి. చూపు అనుటకు వారి డెక్కో మన హిందూస్తానీ ‘దేఖో’. సుఖముగా నున్నదనుటకు కుషీ మన ‘ఖుషీ’. ఊరక వచ్చినదనుటకు బక్షీ మన ‘బక్షీసు’. మన పందికొక్కు సయితము బాండికూట్ అను పేర ఆంగ్లనిఘంటువులలో స్థిరపడినది. పందికొక్కు ఓడ యెక్కగలిగిన చోట కోరుట్ల పిల్లవాడు విమానమెక్కలేడా?

వృత్తిభాష నేర్చుట మన పిల్లలకు కష్టమను మాట సిరిసిల్లలో నిలువదు. అక్కడ మరమగ్గమును సాంచా అందురు. పడుగు, పేక, కండె, నాడె, భీము, ఆసామి: ఇట్టి మాటలలో పుట్టి పెరిగిన బిడ్డ, కార్ఖానాలో నలువది సాంచాలు ఒక్కసారి మ్రోగుచుండగా ఏ సాంచా చప్పుడు మారినదో, ఎక్కడ నూలు తెగినదో కన్నెత్తకయే చెప్పగలడు. యంత్రపు ధ్వనిని బట్టి దాని దేహస్థితిని గ్రహించుట వైమానికునికి కావలసిన గుణములలో మొదటి వరుసలోనిది. ఆ గుణము లేదని సిరిసిల్లవానిని ఎవ్వరును త్రిప్పిపంపలేరు.

ఇక శిక్షణ. సూర్యుడు పొడుచుటకు ముందే లేపుట, పరుగు, కవాతు, పాఠములు, మరల పరుగు. ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో మూడేండ్లు ఇదే జీవితము. క్రమము తప్పినవానికి రగ్డా. మన ఛందస్సులో రగడ యొక పద్యభేదము. అక్కడ రగ్డా యనగా నేలమీద పల్టీలు కొట్టించి, ఒళ్లు హూనమగువఱకు చేయించు దండనవ్యాయామము. చదువులో గాని దేహదార్ఢ్యములో గాని వెనుకబడినవానిని క్రింది జట్టునకు దింపుదురు. దానిని రెలిగేషన్ అందురు, దాని భయము రగ్డాకంటె నెక్కువ. తరువాత దుండిగల్‌లో స్విట్జర్లాండు దేశపు పిలాటస్ విమానముపై తొలిపాఠములు. ప్రక్కన గురువు లేకుండ మొట్టమొదట ఒంటరిగా నెగురు దినమును సోలో అందురు. తాను పుట్టిన తేదీని మరచిన పైలట్ ఉండునేమోగాని, సోలో తేదీని మరచినవా డుండడు. పనికిరాడని తేలినవానిని నిర్దాక్షిణ్యముగా ఎగురుట మాన్పింతురు. అది క్రూరముగా దోచును. కాని నేలమీది దయ ఆకాశమున హత్యయగును.

దేహముపై బడు భారమును గూర్చియు ఒక మాట. విమానము వేగముగా మలుపు తిరుగునప్పుడు మనుష్యుని బరువు పెరుగును. ఐదు రెట్లైనచో డెబ్బది కిలోల మనిషి మూడువందలయేబది కిలోలు తూగును. నెత్తురు తలనుండి కాళ్లకు దిగును. మొదట రంగులు వెలియును, పిదప చూపు పోవును, పిదప స్మృతి తప్పును. తొడలను పొట్టను గాలితో బిగించు జీ-సూట్ కొంత కాపాడును. మిగిలినది కండరములను బిగబట్టి, క్రమము తప్పక ఊపిరి పట్టి విడుచు అభ్యాసము. ఇది మన యోగాభ్యాసులకు దూరపు చుట్టమని మా కనిపించుచున్నది.

అపాయము శిక్షణలోనే యున్నది. 2009లో మెదకు జిల్లాలో దీపక్ అను తొలిశిక్షణ విమానము కూలి ఇరువురు శిక్షకులు మరణింపగా, ఆ తెగ విమానములనన్నిటిని నిలిపివేసిరి. 2023 డిసెంబరు 4వ తేదీన దుండిగల్‌నుండి బయలుదేరిన పిలాటస్ విమానము తూప్రాను సమీపమున కూలి, గురువును శిష్యుడును కలిసి మరణించిరి. కన్నవారికి ఈ వృత్తిలో భయము లేదని చెప్పువాడు అసత్యవాది. మేము చెప్పుచున్నది వేఱు: ఆ భయము పంజాబు తల్లికిని, ఉత్తరాఖండ తల్లికిని ఉన్నదే, వారు దానిని నిర్ణయముగా మార్చుకొనిరి, మనము సాకుగా మార్చుకొంటిమి.

హైదరాబాదు గడ్డ ఇందు వెలితి పడలేదు. 1978నుండి 1981వఱకు వాయుసేనాధిపతిగా నున్న ఇద్రిస్ హసన్ లతీఫ్‌గారు హైదరాబాదులో జన్మించినవారు. 2007లో ఆ పదవినధిష్ఠించిన ఫాలీ హోమీ మేజర్‌గారు సికిందరాబాదు బిడ్డ. 1984లో అంతరిక్షమునకేగిన రాకేశ్ శర్మగారు నిజాం కళాశాలలో చదివి, 1971 యుద్ధమున మిగ్-21 నడపిరి. హైదరాబాదునుండి వలసపోయిన తండ్రికి అమెరికాలో జన్మించిన రాజా చారిగారు ఆ దేశపు వాయుసేనలో యుద్ధవైమానికులై, 2021లో అంతరిక్షనౌకకు నాయకత్వము వహించిరి. సహచరులు ఆయనకు పెట్టిన ముద్దుపేరు గ్రైండర్. మన వంటయింటిలో ఇడ్లీపిండి రుబ్బు యంత్రము పేరే! అయితే వీరందరును నగరపు బిడ్డలు, లేక నగరమునుండి మరియు దూరము పోయినవారి బిడ్డలు. గోదావరికి ఈవలి ఒడ్డున, మానేరు చెంత పెరిగినవారికి విమానమనగా శంషాబాదునుండి దుబాయికి పోవునది. కోరుట్ల, జగిత్యాల పల్లెలలో విమానమెక్కని యిల్లు అరుదు. కాని ఎక్కినది కూలికి.

అడ్డము ఎక్కడ నున్నది? ఇచ్చట మేము ప్రభుత్వమును సూటిగా ప్రశ్నింపవలసియున్నది. సైనికపాఠశాలల ఆరవతరగతి ప్రవేశపరీక్షను తెలుగులో వ్రాయవచ్చును. 2024లో కేంద్ర సాయుధ పోలీసు కానిస్టేబు ఉద్యోగముల పరీక్షను తెలుగుతో సహా పదుమూడు ప్రాంతీయభాషలలో జరిపిరి. కాని జాతీయ రక్షణ అకాడమీ పరీక్షలో గణితప్రశ్నలు ఆంగ్లమునందును హిందీయందును మాత్రమే యుండును. వాయుసేన అధికారుల ప్రవేశపరీక్షయైన ఆఫ్‌క్యాట్ ఆంగ్లమున మాత్రమే. పదేండ్ల బాలుడు తెలుగులో వ్రాయవచ్చును, కానిస్టేబు కాగోరువాడు తెలుగులో వ్రాయవచ్చును. అధికారి కాగోరువాడు మాత్రము తెలుగును గేటువద్ద విడువవలయును! ఆకాశమున ఆంగ్లము తప్పదని మేమెరుగుదుము. ఆంగ్లమునకు వేఱుగా పరీక్ష పెట్టుడు, కఠినముగానే పెట్టుడు. కాని త్రికోణమితికి ఆంగ్లమేల? హిందీ బిడ్డ తన భాషలో లెక్కచేసి పైలట్ కాగలిగినచో, తెలుగు బిడ్డ లెక్కకు వచ్చిన దోషమేమి?

‘ఇప్పుడు మన పాఠశాలలన్నియు ఆంగ్లమాధ్యమమే గదా’ అని కొందరనవచ్చును. పుస్తకము ఆంగ్లమైనది నిజము. నోరు ఇంకను కాలేదు. ఐదు దినములు సాగు ఎంపికమండలి పరీక్షలో, మైసూరునందో దెహ్రాదూనునందో, పరిచయములేని ఎనమండుగురి నడుమ నిలిచి వాదింపవలసి వచ్చినప్పుడు ఆ భేదము బయటపడును.

ప్రభుత్వమునుమించి తప్పు మనయందును గలదు. పైలట్ కాగోరువానికి కంప్యూటరుపై చేతికిని కంటికిని గల పొందికను కొలుచు పరీక్షయొకటి కలదు. అది జీవితములో ఒక్కసారియే. తప్పినవానికి మరల పైలట్ అవకాశము లేదు. ఈ సంగతి తెలియక, ఏ అభ్యాసమును లేక, చూచివత్తమని పోయిన యువకుడు ఒక్క పూటలో తన యావజ్జీవపు అవకాశమును కోల్పోవును. ఇంటర్మీడియెటులో గణితము, భౌతికశాస్త్రము చదివినవాడు పదునారున్నర యేండ్లనుండి పందొమ్మిదిన్నర యేండ్ల నడుమ రక్షణ అకాడమీకిని, పట్టభద్రుడైనచో ఇరువదినుండి ఇరువదినాలుగు నడుమ ఆఫ్‌క్యాట్‌కును అర్హుడు. నాచుపల్లి ఇంజనీరింగు కళాశాలలో చదువుచున్నవారిలో ఎందరికి ఈ వయోనియమము తెలియును? హైదరాబాదులో సాఫ్టువేరు శిక్షణకు లక్షలు వెచ్చించు తండ్రికి, ఈ దారిలో అకాడమీ చదువునకు రుసుము లేదని ఎవరైనను చెప్పిరా?

ఆడుబిడ్డల మాట మరవరాదు. 2016 జూన్ 18న దుండిగల్‌లోనే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అను మువ్వురు తొలి మహిళా యుద్ధవైమానికులుగా పట్టము పొందిరి. 2022లో రక్షణ అకాడమీ తలుపులు బాలికలకు తెరువబడెను. 2025 మే నెలలో పదునేడుగురు బాలికల తొలిజట్టు అక్కడ చదువు ముగించెను. కోరుట్లలో బీడీలు చుట్టు తల్లుల కూతుండ్రకు ఈ వార్త చేరినదా యని మా సందేహము.

సైనికపాఠశాలలు కోరుకొండలోను కలికిరిలోను ఉన్నవి, రెండును ఆంధ్రప్రదేశ్‌వే. మన చెంత చొప్పదండి మండలము రుక్మాపూరులో సాంఘికసంక్షేమ గురుకులము సైనికపాఠశాల పద్ధతిలో నడుచుచున్నది. అట్టిది జగిత్యాలకొకటి, సిరిసిల్లకొకటి కావలయునని మన శాసనసభ్యులు అడుగవలయును. గణితపత్రము తెలుగులో నుండవలయునని మన పార్లమెంటు సభ్యులు పట్టుపట్టవలయును. అంతవఱకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. రక్షణ అకాడమీ పరీక్ష ఏటేట రెండుమార్లు, ఆఫ్‌క్యాట్ రెండుమార్లు జరుగుచున్నవి. వాయుసేనలో పనిచేసి విరమించినవారు మన పట్టణములలో ఉన్నచో, వారిని నెలకొకమారు కళాశాలకు పిలిచి పిల్లలచేత ఆంగ్లమున మాటలాడించుట యెంత పని? వచ్చు ప్రకటన వెలువడిన వారములోపల దాని సారాంశమును, వయస్సు, ఎత్తు, కంటిచూపు నియమములతో సహా, ఒక్కసారి మాత్రమే యను ఆ పరీక్షను గూర్చిన హెచ్చరికతో, తెలుగులో అచ్చువేయించి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల జూనియరు కళాశాలల గోడలపై అంటించు పనిని ఏ వర్తకసంఘమైనను, ఏ రైతుసంఘమైనను ఈ యేడే చేపట్టవచ్చును.